మాంచెస్టర్‌తో తగువు పడ్డ మనిషి

ఊళ్ళో ఆయన పోయాడన్న కబురు వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు దోహా పక్కన అల్ రయ్యాన్‌లో ఒక మాల్ గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఏడుస్తూనే చెప్పింది, మధ్యలో ఏం గుర్తొచ్చిందో నవ్వింది కూడా.

"ఆఖరి దినం గూడ ఊకోలే తమ్మీ. డాక్టర్ సారు నాడి సూడనీకి ఒంగితే, ఆ సారు కోటు చెయ్యి పట్టుకొని నలిపి నలిపి సూసిండు. 'మిక్సింగ్' అన్నడు. గంతే. మల్ల మాట్లాడలే."

నాకూ నవ్వొచ్చింది. యూనిఫాం వేసుకుని, కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతున్న సెక్యూరిటీ గార్డుని చూసి ఒక కతారీ పెద్దాయన రెండడుగులు పక్కకి జరిగి మరీ లోపలికి వెళ్ళాడు.

ఆయన పేరు రాయను. క్యాంపులో ఆ పేరు తెలిసినవాళ్ళే తక్కువ. అందరికీ ఆయన డోంటచ్ అన్న.

నేను కోనసీమవాణ్ణి. బీకాం పూర్తి చేసి, కాకినాడలో రెండేళ్ళు ఖాళీగా తిరిగి, సెక్యూరిటీ వీసా మీద దోహా వచ్చాను. బర్వా అల్ బరాహా క్యాంపులో మొదటిరోజు పెట్టె మంచం కిందికి తోస్తుంటే వెనకనుంచి ఎవరో నా కాలర్ పట్టుకున్నారు. వచ్చిన పూటే ఏదో గొడవలో ఇరుక్కున్నానని హడలిపోయి తిరిగి చూశాను. యాభై దాటిన మనిషి. పొట్టి. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, చెవుల మీద మాత్రం గుబురుగా ఉన్నాయి. నా కాలర్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని నలుపుతున్నాడు.

"కాటన్ అని జెప్పి అమ్మిండా?"

"అవునండి."

"సగం గూడ లేదు. మోసపోయినవ్ తమ్మీ." ఆ తర్వాతే నా పేరు అడిగాడు.

నేను బాబాయ్ అని పిలవబోతే ఒప్పుకోలేదు. "అన్న అను. బాబాయ్ అంటే ఈడ అందరు నన్ను ముసలోడనుకుంటరు," అన్నాడు. ఆయన్ని చూసినవాళ్ళు ఇంకేమనుకోగలరో నాకు అర్థం కాలేదు గానీ, అన్నా అనే పిలిచాను.

బస్సు సీటు తొడుగు, ఆసుపత్రి కర్టెను, బక్కాలా కొట్లో బియ్యం సంచి, పక్కవాడి లుంగీ, ఏదైనా సరే ఆయన చేతికి అందితే దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపడేవి. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ కరచాలనం చేద్దామని చెయ్యి చాపితే, ఆ చెయ్యి వదిలేసి మెడలో టై పట్టుకున్నాడట. అలాంటి మనిషికి కంపెనీ ఇచ్చిన ఉద్యోగం ఏమిటంటే, మ్యూజియంలో ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూడటం.

ఆయనకి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు వచ్చు. వెల్కమ్ మేడం. నో ఫ్లాష్ ప్లీజ్. టాయిలెట్ దిస్ సైడ్. సారీ సర్, క్లోజింగ్. మొదటి స్థానం మాత్రం 'డోంట్ టచ్ ప్లీజ్'ది. రోజుకి ఎన్ని వందలసార్లు అనేవాడో, క్యాంపుకి వచ్చాక కూడా నోరు ఆగేది కాదు. వంటగదిలో ఎవరైనా ఆయన పప్పు గిన్నె మూత తీస్తే "డోంట్ టచ్ ప్లీజ్". నిద్రలో పక్కకి తిరుగుతూ "డోంట్ టచ్ ప్లీజ్". ఒకసారి వాళ్ళావిడ వీడియో కాల్‌లో పక్కింటివాళ్ళ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని చూపిస్తే, వాడు ఫోను లాక్కోబోయాడు. జగిత్యాల అవతలి పల్లెలో ఉన్న ఆ ఏడాదిన్నర పిల్లాడికి కూడా అదే మాట చెప్పాడు.

వాళ్ళది నేతపని చేసే ఇల్లు. పదిహేనేళ్ళ వయసులో తండ్రి పక్కన గుంట మగ్గంలో కూర్చున్నాడు. మగ్గం మీద ఇల్లు గడవక భివండి వెళ్ళి మరమగ్గాల దగ్గర పన్నెండేళ్ళు చేశాడు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. అందువల్ల తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలిసేది కాదు. గుసగుసగా చెప్పాననుకుని చెప్పిన రహస్యం మా ఫ్లోరంతా వినేది. మ్యూజియంలో అలా కుదరదు కదా. అందుకని, నన్నూ అక్కడే వేశారు కాబట్టి, డ్యూటీలో నాతో ఏదైనా చెప్పాలంటే శబ్దం లేకుండా పెదాలు బాగా సాగదీసి, చేతులు తిప్పి చెప్పేవాడు. మరమగ్గాల దగ్గర అందరూ అలాగే మాట్లాడుకుంటారట. నాకు ఆ భాష పట్టుబడటానికి రెండు నెలలు పట్టింది. ఒకసారి ఆయన 'ఆకలైతుంది' అంటే నాకు 'పాము వచ్చింది' అని అర్థమై, నలుగురు జర్మన్ టూరిస్టులని గదిలోంచి బయటికి పంపేశాను.

ఇక మాంచెస్టర్ సంగతి. ఆయనకి ఆ ఊరి మీద సొంత పగ ఉండేది, పొలం గట్టు దగ్గర దాయాదుల మీద ఉంటుందే అలాంటిది. "మా తాతకు వాళ్ళ తాత చెప్పిండు తమ్మీ. ఓడల మీద బట్ట దిగింది. మనం వారం నేసేది వాళ్ళ మిషను పూటల నేసింది. మనూళ్ళె సంతల మన బట్ట పక్కన వెట్టి సగం ధరకు అమ్మిండ్రు. మనోళ్ళే కొన్నరు. ఎవల తప్పు?"

తెల్లవాళ్ళు నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికేశారంటారు కదా అని అడిగాను ఒకసారి.

"నరకలే. ఎందుకు నరుకుతరు? పని లేకుంట జేస్తే వేళ్ళు ఉన్నా ఏం జేస్కుంటవ్?" అని తన పది వేళ్ళూ నా ముఖం ముందు ఆడించాడు.

క్యాంపులో ఏసీ చెడిపోయినా, బస్సు ఆలస్యమైనా, మెస్సులో పప్పు నీళ్ళలా ఉన్నా, ఆయన దృష్టిలో దానికి కారణం మాంచెస్టర్. మా ఎదురు గదిలో ఒక కెన్యా ఆయన ఉండేవాడు, నలభై ఏళ్ళ మనిషి, మాతోపాటే గార్డు. ఆయనేమో మాంచెస్టర్ ఫుట్‌బాల్ జట్టుకి భక్తుడు. ఆ ఊరి పేరున్న ఎర్ర బనీను వేసుకుని వరండాలోకి రాగానే మా అన్న లేచి గది తలుపు వేసేవాడు. ఆ జట్టు ఓడిపోయిన మర్నాడు ఫ్లోర్ మొత్తానికి సేమ్యా పాయసం వండేవాడు. కెన్యా ఆయన కూడా ఏడుపుముఖంతో గ్లాసు పట్టుకుని వచ్చి, రెండోసారి వడ్డించుకుని మరీ తాగేవాడు. పాయసం అంత బాగుండేది.

ఆ ఏడు మా మ్యూజియంలో నాలుగు నెలల ప్రదర్శన ఒకటి పెట్టారు. ఆవిరి యంత్రాలు వచ్చాక యూరప్ వాళ్ళు ఓడలూ రైళ్ళూ తుపాకులూ పట్టుకుని ప్రపంచాన్ని ఎలా పంచేసుకున్నారో చూపించే ప్రదర్శన. వస్తువులన్నీ అక్కడినుంచి అరువు తెచ్చినవే. నాకు ఓడల గది వచ్చింది. అందులో ఒక ఆవిరి ఓడ నమూనా, సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ ముక్క, ఒక మరతుపాకీ ఉండేవి. కెన్యా ఆయనకి ఆఫ్రికా మ్యాపుల గది పడింది. మా సూపర్‌వైజర్ ఈజిప్టు ఆయన, సూయజ్ కాలువ తవ్వకం బొమ్మ ఉన్న హాల్లో కుర్చీ వేసుకునేవాడు. డోంటచ్ అన్నకి బట్టల గది ఇచ్చారు. ఎవరు ఎక్కడివాళ్ళో చూసి ఇచ్చింది కాదు, డ్యూటీ లిస్టు ప్రకారం పడింది. కానీ మొదటిరోజు లంచ్‌లో నలుగురం కూర్చుని ఎవరి గదిలో ఏముందో చెప్పుకుంటుంటే, ఎవరి ఇంట్లో పోయిన సామానుకి వాళ్ళనే కాపలా పెట్టినట్టుందని కెన్యా ఆయన పడీ పడీ నవ్వాడు.

బట్టల గదిలో మధ్యలో ఒక కర్రకి నిలువెత్తు బట్ట వేలాడదీశారు. ఎర్ర రంగు, దాని మీద నల్ల గళ్ళు. అద్దం లేదు, ముందు ఒక తాడు మాత్రం కట్టారు. పక్కన చీటీ ఉంది, అన్నకి నేనే చదివి చెప్పాను: 'మాంచెస్టర్ మిల్లు బట్ట. గల్ఫ్, ఇండియా బజార్ల కోసం తయారైనది.'

మొదటివారం ఆయన ఆ బట్టకి వీపు పెట్టి నిలబడ్డాడు, కోపంతో. రెండోవారం ఒకరోజు నా ఓడల గది గుమ్మం దగ్గరికి వచ్చి పెదాలతో అన్నాడు: "గిది మిల్లు బట్ట గాదు."

ఆరోజు లంచ్ మానేసి నన్ను లాక్కెళ్ళి తాడు ఇవతల నిలబెట్టాడు.

"ఇగో, ఈడ అడ్డంగ ఒక గీత లెక్క కనవడుతుందా?"

బాగా చూస్తే కనపడింది. నేత అక్కడ కాస్త పలచబడి, మళ్ళీ ఒత్తుగా మొదలైంది.

"ఈడ బువ్వకు లేసిండు. తినొచ్చినంక మొదటి నాలుగు మగ్గం దెబ్బలు గట్టిగ పడతయ్, ఎవలకైన. ఇగో ఈడికెల్లి సూడు, జానెడు బట్ట దెబ్బ మీద దెబ్బ. పెండ్లాంతోని కొట్లాడిండు. ఈడ మల్ల మెత్తవడ్డది. మిషను బువ్వకు లేస్తదా తమ్మీ? మిషనుకు పెండ్లాముంటదా?"

సూపర్‌వైజర్‌కి చెబుదామన్నాడు. నేను వద్దన్నా వినలేదు. సూపర్‌వైజర్ అంతా విని, "నువ్వు గార్డువి. తాడుకి కాపలా ఉండు, బట్టకి కాపలా ఉండు. చీటీ చదవకు. ఖలాస్," అన్నాడు. "నాకు చీటీ చదవస్తలేదు సార్, బట్టే చదవస్తది," అని తెలుగులో జవాబిచ్చి వచ్చాడు.

ఆ తర్వాత ఆయనకి నిద్ర సరిగా లేదు. బట్ట అంచు చూడాలి, అదొక్కటే. చేత్తో నేసేవాడు వెడల్పు తగ్గకుండా రెండంచుల మధ్యా ఒక బద్ద పెడతాడట, దాని కొసలకి ముళ్ళుంటాయి. బెత్తెడు నేసినప్పుడల్లా దాన్ని జరుపుతాడు. అందుకని అంచులో బెత్తెడుకో చోట సన్నటి చిల్లులు పడతాయి. "అవి ఉన్నయంటే మనది. లేకుంటే నేను నోరు మూస్కుంట," అన్నాడు.

"అన్నా, ముట్టుకుంటే అలారం మోగుతుంది. ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు."

"ఎర్కనే."

ఇంటి దగ్గర స్లాబు సగంలో ఉంది. అదీ ఆయనకి ఎరుకే. అందుకే మూడు రోజులు ఆగాడు. నాలుగో రోజు పొద్దున్న తలుపులు తెరవడానికి పది నిమిషాల ముందు, నేను నా ఓడ మీద దుమ్ము చూసుకుంటుంటే, మ్యూజియం మొత్తం కుయ్‌మని అరిచింది. పరిగెత్తాను. అన్న తాడు అవతల ఉన్నాడు. బట్ట అంచు వెనక్కి తిప్పి పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుడి దగ్గర నిలబడ్డవాడిలా ఉన్నాడు. అలారం నెత్తి మీద మోగుతోంది. సగం చెవుడు కాబట్టి ఆయనకి పెద్ద ఇబ్బంది లేదు.

"ఉన్నయ్ తమ్మీ!" అని అరిచాడు. "బెత్తెడు బెత్తెడుకు ఉన్నయ్!"

ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. సూపర్‌వైజర్ కోపంతో చెమటలు కక్కుతున్నాడు, కంపెనీకి రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. అంతలో వస్తువులతోపాటు ఇంగ్లండ్ నుంచి వచ్చిన మేడం వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, మెడలో దారానికి కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది. రోజూ పొద్దున్నే ప్రతి గదిలో తేమ ఎంతుందో చూసుకుని వెళ్ళేది. ఎందుకు ముట్టుకున్నాడని అడిగింది. నన్ను దుబాసీగా పిలిచారు.

"గీ బట్ట మాది," అన్నాడు అన్న. "మాంచెస్టరోళ్ళది గాదు. చీటీ అబద్ధం రాసిండ్రు. రెండువందలేండ్ల సంది గిదే పని జేస్తున్నరు, ఇంక సిగ్గురాలేదా అని అడుగు."

నా ఉద్యోగం కూడా గుర్తొచ్చింది నాకు. "మేడం, బట్ట చాలా బాగుంది అంటున్నాడు," అన్నాను.

అన్న నా వైపు తిరిగాడు. "గంత పొడుగు జెప్తే గింత శిన్నగ జెప్పినవేంది?"

"ఇంగ్లీషులో పొట్టిగానే వస్తుంది అన్నా."

"అబద్ధం. గామెది యే ఊరో అడుగు."

అడిగాను. మాంచెస్టర్ పక్కన ఒక చిన్న ఊరట. అది అనువాదం చెయ్యక్కర్లేకపోయింది. ఆ పేరు వినగానే అన్న కుర్చీలోంచి లేచాడు. సూపర్‌వైజర్ కూడా లేచాడు, ఎందుకైనా మంచిదని. అన్న నన్ను ఇక నమ్మలేదు. నన్ను పక్కకి నెట్టి, తానే మేడం ముందు నిలబడి, గొంతు పెంచితే తప్పనుకున్నాడో ఏమో, అలవాటు ప్రకారం శబ్దం లేకుండా పెదాలు సాగదీస్తూ చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. మగ్గం, పోగుని అటూ ఇటూ నడిపే నాడె, అంచు, ముళ్ళు, బువ్వకి లేవడం.

మేడం చాలాసేపు ఆయన పెదాలనే చూసింది. "ఈయన ఇంతకు ముందు ఎక్కడ పనిచేశాడు?" అని నన్ను అడిగింది. మరమగ్గాల దగ్గర అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసేసింది. ఆవిడ పెదాలు కూడా అలాగే పెద్దగా, శబ్దం లేకుండా కదలడం మొదలయ్యాయి. ఒక చెయ్యి గుండె మీద వేసుకుంది. అరచెయ్యి నేలకి ఇంత ఎత్తులో పెట్టి చిన్నపిల్ల అన్నట్టు చూపించింది. రెండు చేతులూ నాడె పరిగెత్తినట్టు అటూ ఇటూ కొట్టింది. చెవులు మూసుకుంది. అన్న తొడ చరిచాడు. ఆ తర్వాత పది నిమిషాలు ఆ గదిలో ఒక్క మాట వినపడలేదు. నేనూ సూపర్‌వైజరూ, మాకు రాని భాషలో జరుగుతున్న పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళలా కూర్చున్నాం.

బయటికి వచ్చాక అన్న చెప్పాడు. "గామె నాయనమ్మ గూడ మిల్లుల జేసిందట. పదేండ్లప్పుడే తోలిండ్రట. చెవులు పోయినయట. ఇంట్ల అందరు పెదవులతోనే మాట్లాడుకునేటోళ్ళట."

"ఇదంతా నీకు ఇంగ్లీషులో ఎలా అర్థమైంది?"

"ఇంగ్లీషుల యాడ జెప్పింది? మగ్గం భాషల జెప్పింది." ఆ వెంటనే చాలా దిగులుగా అన్నాడు: "మాంచెస్టర్ల గూడ మనసొంటోళ్ళే ఉన్నరు తమ్మీ."

పాపం, అంతకాలం నమ్ముకున్న పగ ఒక్కసారిగా సగమైపోయింది. ఆ తర్వాత ఆ జట్టు ఓడిపోయినప్పుడు పాయసం వండాడు గానీ, అందులో జీడిపప్పు వెయ్యలేదు.

ఆ సాయంత్రమే మేడం బట్టని కర్ర మీదనుంచి దింపించి, బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి అంచంతా చూసింది. చిల్లులు ఉన్నాయి. పైన కర్రకి తొడగడానికి ఎప్పుడో కుట్టిన లైనింగు విప్పితే దాని కింద మడిచిన చిన్న కాగితం ముక్క దొరికింది. వెలిసిపోయిన సిరాతో ఒక నంబరు, దాని కింద ఒక మాట రాసి ఉంది: 'నకలు తీయవలెను.' ఎవరో మన దేశంలో నేసిన బట్టని మాంచెస్టర్ మిల్లువాళ్ళు నమూనాకి తెప్పించుకున్నారు. దాన్ని చూసి తమ మిషను మీద వేల గజాలు దింపి, తిరిగి మనకే అమ్మారు. మిల్లు గోదాములో దొరికింది కాబట్టి మిల్లుదే అనుకుని ఇన్నాళ్ళూ చీటీ పెట్టారు.

మేడం సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, అంచు చూడమని తనే గార్డుకి చెప్పానని, అలారం సంగతి మర్చిపోయానని అంది. అది అబద్ధమని సూపర్‌వైజర్‌కి తెలుసు. ఆయన రాసిన రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అన్నని మాత్రం బట్టల గదినుంచి తీసేసి నా ఓడల గదిలో వేశాడు, నన్ను బట్ట దగ్గర వేశాడు. మరతుపాకీకి కాపలా ఉంటే ముట్టుకోవాలనిపించదని ఆయన లెక్క. ఆ లెక్క సరిపోయింది. ఆ తుపాకీ వైపు అన్న ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు. రాత్రిళ్ళు దానికి కప్పే గుడ్డని మాత్రం మొదటిరోజే నలిపి చూశాడు.

పదిరోజులకి కొత్త చీటీ వచ్చింది. నేను చదివి వినిపించాను: 'చేనేత వస్త్రం. దక్కన్ ప్రాంతం లేదా తూర్పు తీరం, ఇండియా. మాంచెస్టర్ మిల్లు ఒకటి నకలు తీయడానికి తెప్పించుకున్న నమూనా. నేసినవారు: తెలియదు.'

"తెల్వదంటే ఎట్ల?" అన్నాడు. "గంత మంచిగ నేసిండు. బువ్వ టైము తెలిసె, పెండ్లాంతోని కొట్లాడింది తెలిసె. పేరొక్కటే తెల్వలేదా?"

ఒక గార్డు చెబితే చీటీ మారిందన్న వార్త మ్యూజియంలో పాకిపోయింది. ఇక ఎవరి గదిలో వాళ్ళు చీటీలు చదవడం మొదలుపెట్టారు. కెన్యా ఆయన మర్నాడే మేడంని పట్టుకున్నాడు. రైలు మార్గం మ్యాపు కింద 'జనం లేని ప్రాంతం' అని రాశారట, ఆ ప్రాంతంలో తన తాత ఆవులు మేపేవాడట, మరి తాత జనం కాదా అని అడిగాడు. టికెట్ల దగ్గర పనిచేసే సూడాన్ ఆయన మరతుపాకీ చీటీలో చనిపోయినవాళ్ళ సంగతి ఒక్క ముక్క కూడా లేదన్నాడు. సూపర్‌వైజర్ మమ్మల్నందరినీ నిలబెట్టి, ఇకమీదట చీటీ చదివినవాడి జీతం కోస్తానని గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత మూడోరోజు, మేడం తేమ చూసుకుంటూ కాలువ బొమ్మ దగ్గరికి రాగానే, మేం ఎవరం చూడటం లేదనుకుని జేబులోంచి కాగితం తీశాడు. మడతలు విప్పుతుంటే చూశాను. అన్న మీద రాసిన రిపోర్టే. దాని వెనకవైపు అరబ్బీలో ఒక పేజీ నిండా రాసుకున్నాడు. కాలువ తవ్వించిన ఫ్రెంచి దొర పేరు అంత పెద్దక్షరాల్లో వేశారు, తవ్విన మా ఊరివాళ్ళ గురించి ఒక వాక్యమైనా ఉండొద్దా అని మేడంకి ఇంగ్లీషులో చదివి చెప్పాడు.

మేడం అన్నీ రాసుకుంది. మారింది ఒక్క బట్ట చీటీయే. మిగతావి పై కమిటీకి వెళ్ళాలన్నారు.

నాలుగు నెలలూ అయిపోయాయి. సామాను పెట్టెల్లో సర్దడానికి ప్యాకింగ్ కంపెనీ మనుషులు వచ్చారు. ఆ బట్టని మడవకూడదు, పొడుగాటి గొట్టానికి చుట్టాలి. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని చుడుతుంటే అది ఒక పక్కకే పోతోంది, ముడతలు పడుతోంది. మేడం రెండుసార్లు విప్పించింది. మూడోసారి వాళ్ళని ఆపేసి, ఓడల గదిలోకి వెళ్ళి అన్నని తీసుకొచ్చింది. సూపర్‌వైజర్ పక్కకి జరిగి దారిచ్చాడు. తెల్ల గ్లౌజులు ఇచ్చారు. వేసుకునే ముందు వాటినీ నలిపి చూశాడు. "గివి అసలు కాటన్," అన్నాడు మెచ్చుకోలుగా.

ఒక కొస మేడం, ఒక కొస అన్న. ఇద్దరూ పెదాలతో లెక్కపెట్టుకుంటూ, ఒకే వేగంతో చుట్టారు. ఎక్కడ వదులైనా అన్న అరచేత్తో సవరించేవాడు, మేడం ఆగేది. మగ్గం ముందు నేసిన బట్ట కర్రకి చుట్టుకుంటుందే, అలా ముడత లేకుండా చుట్టుకుంది.

తర్వాత ఒక ఫారం నింపాలి. వస్తువు తిరిగి వెళ్ళేటప్పుడు దాని మీద లోపాలేమైనా ఉంటే అందులో రాయాలట. మేడం నా వైపు చూసి, ఆయన్ని అడగమంది.

"లోపం ఏమున్నది? లేదు," అన్నాడు. ఆలోచించాడు. "గజం కాడ అడ్డంగ గీత ఉన్నది గదా. అది లోపం గాదు, బువ్వకు లేసిండు అని రాయుమను. రేపు ఎవలన్న సూసి చిరుగు అనుకుంటరు."

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. 'గజం దగ్గర అడ్డుగీత, నేసినవారు భోజనానికి లేచినప్పుడు ఏర్పడినది' అని రాసింది. కింద 'పరిశీలించినవారు' అన్నచోట ఆయన్ని సంతకం చెయ్యమంది. ఆయన ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, పూర్తిగా తెలుగులో రాశాడు. ఇచ్చిన గీత చాలక అక్షరాలు పక్క ఖాళీలోకి ఎక్కాయి.

పెన్ను తిరిగి ఇస్తూ అన్నాడు: "తమ్మీ, ఒక్క మాట అడుగు. గిది మాదని తేలింది గదా. మరి మల్ల మీ దిక్కే ఎందుకు పోతుంది?"

ఆ మాట కూడా తగ్గించకుండా చెప్పాను. మేడం పెన్నుకి మూత పెట్టింది. "నా చేతిలో లేదు," అంది. "కానీ ఆయన అడిగాడని అక్కడ చెప్తాను. ఇదే మాటల్లో." అన్నకి చెప్పాను. తల ఊపాడు. ఇద్దరూ పెదాలతో ఏదో అనుకున్నారు. అది నాకు అర్థం కాలేదు, నేనూ అడగలేదు.

పెట్టె బయటికి వెళ్ళిపోయింది. గదిలో ఉత్త కర్ర, తాడు మిగిలాయి. మా డ్యూటీ ఆరింటిదాకా ఉంది కాబట్టి అక్కడే నిలబడ్డాం. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన క్లీనర్ ఒకావిడ బకెట్టూ కర్రా పట్టుకుని వచ్చింది. నాలుగు నెలలూ ఆ బట్ట చుట్టూ తుడిచిన మనిషి. ఖాళీ చూసి ఆగిపోయింది.

"క్లాత్ ఏదీ? హోమ్ వెళ్ళిందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అన్నకున్న ఐదు వాక్యాల్లో దీనికి జవాబు లేదు.

"గో బ్యాక్, సిస్టర్," అన్నాడు మెల్లగా. "నాట్ హోమ్."

ఆవిడ తల ఊపి, బట్ట వేలాడిన చోట నేల తుడవడం మొదలుపెట్టింది. ఆ తడి ఆరేదాకా అటు ఎవరూ అడుగు పెట్టకుండా ఆయన అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.